ఆసుపత్రి ఇంటికొచ్చింది, నర్సు ఎవరు?

కిందటి కార్తీకమాసంలో మా పిన్ని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున బాబాయి బంధువులందరికీ ఫోన్లు చేసి ఒకటే మాట చెప్పాడు: "కీమో అయిపోయింది, ఇక మాత్రలే." రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, సెలైన్‌తో ఎక్కించే మందులు, రేడియేషన్ అన్నీ అయ్యాక డాక్టర్లు ఆమెకు కేపిసిటబీన్ మాత్రలు రాశారు. పొద్దున మూడు, రాత్రి మూడు. పద్నాలుగు రోజులు వేసుకోవాలి, ఏడు రోజులు ఆపాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ సంగతంతా డాక్టరు బాబాయికి చెప్పారు. చేతికిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. పిన్ని గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. "మాత్రలే" అన్న మాట వినగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. స్త్రీల ఆరోగ్యం మీద ఇరవై ఏళ్ళుగా రాస్తున్న నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

పిన్ని ఆ మాత్రల్ని బీపీ మాత్రలతో కలిపి వంటింట్లో పోపులపెట్టె పక్కన డబ్బాలో పెట్టుకుంది. బిళ్ళ పెద్దదిగా ఉంది, గొంతు దిగడం లేదంటే, అయిదో నెల గర్భిణి అయిన కోడలు వాటిని చాకుతో రెండుగా కోసి ఇచ్చింది. సోమవారాలు ఉపవాసం కాబట్టి ఆ రోజుల్లో పొద్దుటి మాత్రలు ఖాళీ కడుపున పడ్డాయి. తొమ్మిదో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి. అరచేతులు కమిలి, గిన్నె పట్టుకుంటే మంట. అయినా పిన్ని మాత్రలు మానలేదు. పన్నెండో రోజు రాత్రి బాత్‌రూమ్ దగ్గర పడిపోతే అంబులెన్సులో తీసుకెళ్ళారు. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. కోడలికీ బిడ్డకీ ఏమీ కాలేదు. అది మా అదృష్టమేగానీ, మేం పడిన జాగ్రత్త వల్ల కాదు.

ఆ రాత్రి డ్యూటీ డాక్టరు పిన్నిని గద్దించినట్టు అడిగారు: "ఇన్ని విరేచనాలవుతుంటే మాత్రలెందుకు ఆపలేదమ్మా?" తర్వాత నేనూ అదే అడిగాను. "ఏ మందైనా కోర్సు మధ్యలో ఆపకూడదని మీరే కదే చెప్తారు" అంది. నిజమే. టీబీ మందుల గురించి, యాంటీబయాటిక్‌ల గురించి ఊరూరా తిరిగి ఆ మాట చెప్పింది మనమే. ఈ మాత్రల్ని ఎప్పుడు వేసుకోవాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపాలో అంతకంటే ముఖ్యమని పిన్నికి ఎవరూ చెప్పలేదు. ఆమెను అడిగిన ప్రశ్న అసలు ఎవరిని అడగాలన్నదే నా వ్యాసం.

ముందుగా ఒక భ్రమ తొలగించుకుందాం. మాత్ర అంటే తేలిక మందు అనుకుంటాం. కేపిసిటబీన్‌కి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. ఇది శరీరంలోకి వెళ్ళాక ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. అంటే దశాబ్దాలుగా సెలైన్‌తో నరంలోకి ఎక్కిస్తున్న పాత కీమో మందే మాత్ర రూపంలో ఇంటికి వస్తోంది. ఆసుపత్రిలో దాన్ని ముట్టుకునే నర్సు గ్లవ్స్ వేసుకుంటుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అలాంటి మందునీ, అది తగిలిన వస్తువుల్నీ పసుపుపచ్చ సంచుల్లో విడిగా పెట్టి, అత్యధిక వేడిలో కాల్చడానికి పంపాలి. అదే మందు ఇంటి గడప దాటగానే స్టీలు డబ్బాలోకి, గర్భిణి చేతివేళ్ళ మధ్యకి, చివరికి వంటింటి చెత్తబుట్టలోకి చేరుతుంది. మందు మారలేదు. దాన్ని ముట్టుకునే మనిషికి ఉన్న రక్షణ పోయింది.

ఇంట్లో కీమో వద్దని నేను వాదించడం లేదు. ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో మూడు వారాలకోసారి పట్నం వచ్చి మంచం కోసం పడిగాపులు పడే స్త్రీకి, రోజు కూలి పోతే పొయ్యి వెలగని స్త్రీకి మాత్ర నిజంగా మేలు. పిల్లల్ని వదిలి వెళ్ళక్కర్లేదు, నరం దొరక్క పదిసార్లు పొడిపించుకోనక్కర్లేదు. నా పేచీ ఎక్కడంటే, మంచం ఖాళీ అయినందుకు ఆసుపత్రి తన ఖర్చు తగ్గించుకుంటుంది, ఆ మంచం దగ్గర జరిగే పనిని మాత్రం మాటమాత్రంగానైనా అడక్కుండా ఇంటికి బదిలీ చేస్తుంది. నర్సు చేసే పని, ఫార్మసిస్టు చేసే పని, అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు చేసే పని, పారిశుధ్య కార్మికులు చేసే పని, అన్నీ కలిపి "ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు" అన్న ఒక్క ముక్కలో చుట్టేస్తారు.

"ఇంట్లోవాళ్ళు" అంటే ఎవరు? 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, రోజులో ఏదో ఒక ఇంటిపని చేసిన ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మంది. చేసినవాళ్ళలో ఆడవాళ్ళు వెచ్చించిన సమయం సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. అంటే జబ్బుపడింది మగవాడైతే భార్యో, తల్లో, కూతురో నర్సు అవుతుంది. జబ్బుపడింది ఆడదైతే? తనకి తనే నర్సు. పైగా మిగిలిన ఇంటికి వంటమనిషి కూడా.

ఈ మాత్రల గురించి డాక్టర్లు చెప్పే జాగ్రత్తల్ని ఒక్కొక్కటే తీసుకుని ఒక మామూలు తెలుగింట్లో పెట్టి చూద్దాం.

కేపిసిటబీన్‌ని భోజనం చేసిన అరగంటలోపు, రెండు పూటలకీ సుమారు పన్నెండు గంటల ఎడంతో వేసుకోవాలి. మన ఇళ్ళల్లో ఆమె భోజనవేళ ఏది? పిల్లలు బడికి, మగవాళ్ళు పనికి వెళ్ళాక, అంట్లు తోమాక ఎప్పుడో. రాత్రి అందరి విస్తళ్ళూ లేచాక మిగిలింది. కొందరికి దీనితోపాటు లాపాటినిబ్ అనే మరో మాత్ర కూడా రాస్తారు. దాన్ని ఖాళీ కడుపుతో, అంటే తినడానికి కనీసం గంట ముందో తిన్న గంట తర్వాతో వేసుకోవాలి. ఒకే మనిషికి రెండు మాత్రలు, రెండు విరుద్ధ నియమాలు. తన ఆకలికి ఇంట్లో ఒక వేళ అంటూ లేని మనిషి ఈ లెక్కల్ని ఎలా పాటిస్తుంది?

రెండోది అరచేతులు, అరికాళ్ళు. ఈ మందు వాడేవాళ్ళలో చాలామందికి చేతులు, పాదాలు ఎర్రబడి, వాచి, తిమ్మిరెక్కి, చర్మం ఊడి వస్తుంది. దీన్నే హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటారు. వేడినీళ్ళల్లో చేతులు పెట్టవద్దు, రాపిడి పని చేయవద్దు, పొయ్యి సెగకి దూరంగా ఉండండి, మెత్తటి చెప్పులు తొడుక్కోండి, రోజుకి రెండుమూడుసార్లు యూరియా ఉన్న క్రీము రాసుకోండి అంటారు. ఇందులో వద్దన్నవన్నీ ఒకచోట రాస్తే వచ్చేది ఏమిటి? అంట్లు తోమడం, బట్టలుతకడం, చీపురు పట్టడం, వంట చేయడం. అంటే ఇంటిపని మానెయ్యమని వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతోంది. ఆ మాట చీటీలో రాసి మొగుడి చేతిలో పెట్టే డాక్టరు నాకింకా కనబడలేదు. "జాగ్రత్తగా ఉండమ్మా" అని ఆమెతోనే అంటారు.

హైదరాబాద్ బస్తీలో నేను మాట్లాడిన ఒకామె నాలుగిళ్ళల్లో పనిచేస్తుంది. పెద్దపేగు క్యాన్సర్. ఇంట్లోవాళ్ళు ఆమెకి జబ్బు పేరు చెప్పలేదు, "కడుపులో పుండు, బలం గోళీలు" అన్నారు. భయపడుతుందని చెప్పలేదట. బలం గోళీలే కదా అని అలసిపోయిన రోజున రెండు ఎక్కువ వేసుకుంది, కూలి దొరకని వారంలో మానేసింది. వేళ్ళ చర్మం ఊడి వేలిముద్రలు చెరిగిపోయాయి. ఈ మందుకు అలా జరుగుతుందని సింగపూర్ డాక్టర్లు 2009లోనే వైద్యపత్రికలో రాశారు. కానీ మన రేషన్ షాపు మిషనుకి ఆ సంగతి తెలియదు. మూడుసార్లు వేలు పెట్టినా ముద్ర పడకపోయేసరికి "నీ కార్డు కాదేమో" అన్నాడట డీలరు. వేలిముద్ర పడలేదన్న కారణంతో బియ్యం ఆపకూడదని కేంద్ర ఆహారశాఖ 2017 అక్టోబరులో రాష్ట్రాలకు రాసింది. ఆ కాగితం ఆమె దాకా రావాలంటే మనలాంటివాళ్ళు మోసుకెళ్ళాలి.

జబ్బు పేరు దాచడాన్ని మనం ప్రేమ అంటూ వచ్చాం. సెలైన్ రోజుల్లో ఆ ప్రేమ వల్ల ఆమెకి నిజం తెలుసుకునే హక్కు పోయేది. మాత్రల రోజుల్లో ప్రాణం కూడా పోవచ్చు. తాను మింగుతున్నది ఏమిటో తెలియని మనిషి దాన్ని జాగ్రత్తగా మింగడం అసాధ్యం.

ఇక మనం మాట్లాడని విషయాలు. ఈ మాత్రలు వాడుతున్న స్త్రీ వాంతి, మల, మూత్రాల్లో మందు అవశేషాలుంటాయి. మాత్రలు వాడినన్నాళ్ళూ, ఆఖరి మాత్ర తర్వాత కనీసం రెండు రోజులూ లెట్రిన్‌లో రెండుసార్లు నీళ్ళు ధారాళంగా పొయ్యాలి. మురికైన బట్టలు విడిగా, రెండుసార్లు ఉతకాలి. ఉతికేవాళ్ళు గ్లవ్స్ వేసుకోవాలి. మధ్యతరగతి ఇంట్లో ఆ బట్టలు ఉతికేది ఎవరు? పనిమనిషి, వట్టి చేతులతో. ఆమె గర్భిణి కావచ్చు, పాలిచ్చే తల్లి కావచ్చు. "అమ్మగారికి ఒంట్లో బాగాలేదు" అన్నదానికి మించి ఆమెకెవరూ చెప్పరు. కుటుంబంలో స్త్రీ మీద పడ్డ భారాన్ని మనం ప్రశ్నిస్తున్నప్పుడు, ఆ భారం కులం, వర్గం మెట్ల మీదుగా ఇంకా కిందికి జారి ఎవరి చేతుల్లో ఆగుతుందో కూడా చూడాలి. లేకపోతే మన ప్రశ్న సగమే.

గర్భం సంగతీ అంతే. ఈ మందు వాడుతున్నప్పుడు, ఆపాక ఆరు నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. భర్తే మందు వాడుతుంటే మానేశాక మూడు నెలలు అతనూ జాగ్రత్త పడాలి. ముప్పై అయిదేళ్ళ స్త్రీకి మాత్రలు రాసిచ్చి, "మీ ఆయన నిరోధ్ వాడతాడా?" అని అడిగే చోటు ఎన్ని ఆసుపత్రుల్లో ఉంది? ఆమె వద్దంటే అతను వింటాడా అన్నది ఇంకా తర్వాతి ప్రశ్న.

ఇంకొక ప్రమాదం మన కార్యక్రమాల లోపలే ఉంది. ఆడవాళ్ళల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఐరన్-ఫోలిక్ ఆసిడ్ మాత్రలు పంచుతూ ఉంటాం. ఫోలిక్ ఆసిడ్ కేపిసిటబీన్ విషప్రభావాన్ని పెంచుతుంది. డాక్టరుని అడక్కుండా అవీ, అవి కలిసిన విటమిన్ మాత్రలూ వేసుకోకూడదు. రక్తం పల్చబడడానికి వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌లతోనూ దీనికి పడదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి జ్వరమని వెళ్ళినా, పసరు మందు తాగాలనుకున్నా, ముందు ఈ మాత్రల అట్ట చూపించాలి. నాటు మందు వాడినందుకు తిట్టే డాక్టరు దగ్గర ఆమె నిజం దాస్తుంది. దాచిన నిజమే ఆమెను చంపుతుంది.

ఇవన్నీ పెద్ద చదువుల విషయాలు కావు. కేపిసిటబీన్ వాడే స్త్రీకి నిజంగా కంఠతా వచ్చి ఉండవలసినవి చాలా కొద్ది. బిళ్ళని విరవకూడదు, నూరకూడదు, నీళ్ళతో నిండుగా మింగాలి. వేరే మాత్రలతో కలపకుండా దాని అట్టలోనే, పిల్లలకి అందకుండా ఉంచాలి. వేసుకున్నాక చేతులు కడుక్కోవాలి. ఇంకెవరైనా ఇస్తుంటే గ్లవ్స్ వేసుకోవాలి, గర్భిణి ముట్టుకోకూడదు. ఒక పూట మర్చిపోతే వదిలెయ్యాలి, తర్వాతి పూట రెట్టింపు వేసుకోకూడదు. వేసుకున్నాక వాంతి అయినా మళ్ళీ వేసుకోకూడదు, ఆసుపత్రికి చెప్పాలి. మామూలుకంటే నాలుగుసార్లు ఎక్కువగా విరేచనాలైనా, రాత్రి నిద్రలో లేచి వెళ్ళవలసి వచ్చినా, రోజులో ఒకటికి మించి వాంతులైనా, నోరు పూసి తినలేకపోయినా, చేతులు కాళ్ళు నొప్పితో పని చేసుకోలేకపోయినా, ఆ పూట నుంచే మాత్రలు ఆపి ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. ఈలోగా ఓఆర్ఎస్, గంజి తాగుతుండాలి. ఒళ్ళు వేడిగా అనిపిస్తే థర్మామీటరు పెట్టి చూడాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోవడం కాదు, ఆ రాత్రికి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లకణాలు తగ్గినప్పుడు ఆ జ్వరం ప్రాణాంతకం. గుండెలో నొప్పి వచ్చినా అంతే. అలా ఆపినందువల్ల వైద్యం చెడిపోదు. మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెడతారు.

చదవడానికి మూడు నిమిషాలు పట్టని ఈ మాటలు మా పిన్నికి ఆ గదిలో ఎవరైనా చెప్పి ఉంటే, ఆమె ఆ వారం ఆసుపత్రిలో పడి ఉండేది కాదు.

మన ఉద్యమానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక సూదుల ప్రయోగం జరిగినప్పుడు మనవాళ్ళు వెళ్ళి అడిగింది ఇదే: ఈ స్త్రీలకి ఏం చెప్పారు? ఏ భాషలో చెప్పారు? 1986లో స్త్రీశక్తి సంఘటన, సహేలీ తదితరులు దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం స్త్రీల శరీరం గురించి స్త్రీలకి తెలుగులో చెప్పింది. తర్వాత మందుల ధరల మీద పోరాటాలు వచ్చాయి. 2012లో సొరాఫెనిబ్ మాత్రలకి దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్సు హైదరాబాద్ కంపెనీ నాట్కోకి దక్కినప్పుడు నెల మందు ధర 2,80,000 రూపాయల పైనుంచి 8,880కి దిగింది. 2013లో ఇమాటినిబ్ పేటెంటు కేసులో నోవార్టిస్ సుప్రీంకోర్టులో ఓడిపోయింది. మాత్ర పేదల ఇంటికి రావాలని కొట్లాడినవాళ్ళున్నారు. వచ్చిన మాత్ర ఇంట్లో ఏం చేస్తుందని అడిగినవాళ్ళం ఎందరం? గర్భసంచి గురించి మాట్లాడినంత ధైర్యంగా మనం క్యాన్సర్ గురించి మాట్లాడలేదు. డాక్టర్లకి వదిలేశాం.

2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మొట్టమొదటిది సమాచార హక్కు, అదీ రోగికి అర్థమయ్యే భాషలో. దాన్ని పట్టుకుని అడగవలసినవి ఇవి. మాత్రలు ఇచ్చేముందు ఆ స్త్రీని గదిలోకి పిలిచి, ఆమెతోనే, తెలుగులోనో ఉర్దూలోనో కోయలోనో ఆమె భాషలో చెప్పాలి. విన్నది ఆమెచేత తిరిగి చెప్పించుకోవాలి. బొమ్మలతో, పెద్ద అక్షరాలతో ఒక్క పేజీ కాగితం ఇవ్వాలి, అందులో రాత్రిపూట కూడా ఎవరైనా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. మాత్రలతోపాటు థర్మామీటరు, గ్లవ్స్, ఓఆర్ఎస్ ఇవ్వాలి, మిగిలిన మాత్రలు ఆసుపత్రి వెనక్కి తీసుకోవాలి. మొదటి విడతలో వారం తిరక్కుండా నర్సు ఫోన్ చెయ్యాలి. 1997లో వచ్చిన డాట్స్ పద్ధతిలో టీబీ మాత్ర మింగేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలన్నారు. అంతకంటే ప్రమాదమైన మాత్రకి వారానికొక ఫోన్ అడగడం అత్యాశ కాదు. ఆ పని ఆశా కార్యకర్తకి అప్పగిస్తే శిక్షణ ఇవ్వాలి, పైసలివ్వాలి. ఒక స్త్రీ జీతంలేని చాకిరీని ఇంకొక స్త్రీ అరకొర పారితోషికం మీదికి నెట్టడం పరిష్కారం కాదు. అన్నిటికంటే ముందు, డిశ్చార్జి రోజున ఇంటి మగవాళ్ళని కూర్చోబెట్టి, ఈమె అంట్లు తోమకూడదు, బట్టలుతకకూడదు, ముందు ఈమె తినాలి అని మందు చీటీలో రాసి ఇవ్వాలి.

ఆసుపత్రులు వాటంతటవి ఇవేవీ చెయ్యవు. మన సంఘాల మీటింగుల్లో పొదుపు లెక్కలు అయ్యాక ఒక పావుగంట దీనికి పెడదాం. మీ ఊళ్ళో, మీ బస్తీలో ఈ మాత్రలు వాడుతున్న స్త్రీ ఎవరో తెలుసుకోండి. ఆమె ఏ రోజు ఏం తిందో, ఎన్నిసార్లు విరేచనమైందో రాసుకోవడానికి ఒక క్యాలెండరు ఇవ్వండి. ఆమెతోపాటు ఆసుపత్రి గది లోపలికి వెళ్ళండి.

పిన్నికి మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు క్యాలెండరు ఆమె దగ్గరే ఉంది, మాత్రల డబ్బా పడగ్గది బీరువాలో ఉంది. బాబాయి అంట్లు తోముతున్నాడు. సరిగ్గా తోమడు, తోమిన ప్రతిసారీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. చెప్పుకోనివ్వండి. అరవై ఏళ్ళ మగవాడి చేత గిన్నె పట్టించడానికి ఆమె బాత్‌రూమ్ దగ్గర స్పృహతప్పి పడిపోవలసి వచ్చిందన్న సంగతి కూడా అతను అప్పుడప్పుడూ చెబితే బాగుండు.